నాలుగో ఎత్తుకు గుర్రం

మా అన్న పోయి నెల దాటింది. భూపాలపల్లిలో, కొడుకు ఇంట్లో పోయాడు. నా మేనల్లుడు చెల్పూర్ కరెంటు కేంద్రంలో పని చేస్తాడు. దినాలు అయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక కూడా నేను రెండు వారాలు అక్కడే ఉండిపోయాను. పది మందిలో ఏడవడం నాకు చేతకాదు. చదవడానికి తెచ్చుకున్న పుస్తకం ముందుకు సాగలేదు. ఒక మధ్యాహ్నం అన్న మనవరాలు శ్రావ్య వచ్చి, "అవ్వా, నువ్వు, తాత చిన్నప్పుడు చదరంగం ఆడెటోళ్లట గదా, జర ఆడి చూపియ్యి" అని తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో బల్ల పక్కన సన్నటి గీత ఒకటి ఉంది. ఎవరిది పైచేయో ఆ గీత చూపిస్తుందట. నేను తెల్లవి తీసుకున్నాను. మూడు ఎత్తులు అందరూ ఆడేవే ఆడాను. నాలుగో ఎత్తుకు నా గుర్రంతో ఎదుటివాడి మధ్య బంటును కొట్టాను. ఆ బంటుకు నల్లగుర్రం కాపు ఉంది. అంటే నా గుర్రం పోతుంది, దాని బదులు నాకు దక్కింది ఒక్క బంటు. గీత సర్రున నల్లబడింది. "అవ్వా, చూస్కోలేదా? గుర్రం పాయె" అంది శ్రావ్య. చూసే పెట్టానన్నాను. "మరి తప్పు గదా? మిషిన్ చెప్తుంది తప్పని."

తప్పే. ఆ సంగతి నాకు యాభై ఏళ్లకు పైగా తెలుసు. ఆ తప్పు ఎత్తుతోనే ఒక ఆదివారం జనగామలో గెలిచాను. నా జీవితంలో నేను పూర్తిగా గెలిచానని చెప్పగలిగినవి ఎక్కువ లేవు. ఇది ఒకటి. శ్రావ్యకు పావుగంటలో చెప్పబోయి సగంలో ఆపేశాను. చెప్పాలంటే మా ఇల్లు చెప్పాలి, అన్నను చెప్పాలి.

మాది మగ్గం ఇల్లు. తెల్లవారకముందే మా వీధిలో పడుగులు చాపి గంజి పెట్టేవారు. పులిసిన గంజి వాసన లేకుండా నాకు తెల్లవారినట్టే ఉండేది కాదు. ఆ తర్వాత బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూచుంటే ఇక పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. నాయినమ్మ గడప దగ్గర రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. నోట్లో చుట్ట ఆరిపోయినా తీసేది కాదు. ఆరిన చుట్టతోనే మాట్లాడేది, కసిరేది, నిద్రపోయేది. అమ్మ వంటింటికీ మగ్గానికీ మధ్య రోజుకు ఎన్నిసార్లు తిరిగేదో లెక్క లేదు. ఈ ఇంట్లోకి చదరంగం అన్న తెచ్చాడు. కాలేజీలో నేర్చుకున్నాడు. సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద అట్టలు లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. బల్ల కొనే స్తోమత లేదు. అన్న బతిమాలితే బాపు ఎనిమిది గళ్లకు ఎనిమిది గళ్లు, నలుపూ తెలుపూ, సరిగ్గా లెక్క పెట్టి ఒక గుడ్డ నేసి ఇచ్చాడు. నేసి, విసిరి ఒళ్లో పడేసి, "గీ గుడ్డను సంతల ఎవ్వడన్న కొంటడారా? ఇటు తువ్వాల గాదు, అటు దస్తీ గాదు" అన్నాడు. విరిగిన కండెలు చెక్కి అన్న పావులు చేశాడు.

తొలిసారి ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు బడులు విడిచి రోడ్డెక్కిన ఏడాది అది. జనగామలో మా బడి నెలల తరబడి మూసే ఉంది. నాకు పదహారేళ్లు. పరీక్ష ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. అన్నకు ఇరవై. పొద్దున ఊరేగింపుకు పోయేవాడు. మధ్యాహ్నం గొంతు బొంగురుపోయి వచ్చి, అంబలి తాగి, గుడ్డ పరిచేవాడు. అలా నెలలపాటు నాకు ఒకే ఆట నేర్పాడు. దానికి మేము పెట్టుకున్న పేరు గుర్రం దానం. నాలుగో ఎత్తుకు గుర్రాన్ని ఇచ్చేయాలి. అయిదో ఎత్తుకు మన బంటు రెండు గళ్లు నడిచి, మన గుర్రాన్ని చంపిన గుర్రాన్ని తరుముతుంది. ఆరో ఎత్తుకు దాని పక్క బంటు ఒక అడుగు వేసి ఎదుటివాడి రెండో గుర్రాన్ని తరుముతుంది. ఆ రెండోది పోయిపోయి బయలుదేరిన గడిలోనే నిలబడుతుంది. బంట్లు గుర్రాలను తరమడం! అది చూసినప్పుడల్లా మా ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు. ఎదుటివాడి దగ్గర ఒక గుర్రం ఎక్కువే ఉంటుంది, కానీ వాడి పటాలమంతా ఇంట్లోనే ఇరుక్కుని ఉంటుంది. మనం వేగంగా పోవాలి. ఆగితే ఓడినట్టే. నాయినమ్మ రాట్నం తిప్పుతూ చూసి, "ఇచ్చినోడు గెలుసుడేందిరా, లోకంల ఏడన్న ఉన్నదా?" అనేది. "గీడ ఉన్నది, సూడు నాయినమ్మా" అనేవాడు అన్న.

అయితే ఆ ఆట వల్లే అన్న పేరు పోయింది. మా ఊరి పఠనమందిరానికీ మానుకోట పఠనమందిరానికీ ఏటేటా చదరంగం పోటీ జరిగేది. మానుకోట అంటే మహబూబాబాద్. మేము ఆ పేరు రైలు టికెట్టు మీదే చూసేవాళ్లం. గెలిచిన ఊరి దగ్గర ఇత్తడి పావుల పెట్టె ఏడాది పాటు ఉండేది. ఈ పోటీకి ఒక ఆచారం ఉండేది, మరెక్కడా నేను వినలేదు. వచ్చినవాళ్లు సత్రంలో దిగకూడదు. ఎవరు ఎవరితో ఆడతారో వాళ్ల ఇంట్లోనే దిగాలి, వాళ్ల ఇంటి అన్నమే తినాలి. అన్నం తిన్న ఇంటి మనిషితో కొట్లాట పెట్టుకోరని పెద్దవాళ్ల లెక్క. అంతకుముందు ఏడాది మానుకోటలో మా అన్న గుర్రం దానం ఆడి ఓడిపోయాడు. ఆ ఒక్క ఆటతో పెట్టె అక్కడికి పోయింది. మా పఠనమందిరం కార్యదర్శి కిష్టయ్య సారు లెక్కల పంతులు. తిరిగి వచ్చిన రోజే ఆటగాళ్ల పుస్తకంలో అన్న పేరు ఎర్ర సిరాతో కొట్టేశాడు. గోడకు ఒక కాగితం అంటించాడు. మొదటి వాక్యం: గుర్రమును ఊరక ఇచ్చుట నిషేధము. రెండో వాక్యం: ముట్టిన పావునే ఆడవలెను. అన్న ఆ కాగితం చదివాడు. ఆ తర్వాత ఏడాదిపాటు పఠనమందిరానికి పేపరు చదవడానికే పోయాడు, బల్ల దగ్గర కూర్చోలేదు. ఊళ్లో పిల్లలు మాత్రం "ఏం యాదన్నా, గుర్రం ఏమన్న దొరికిందా?" అని అడిగేవారు. యాదగిరి మా అన్న పేరు. వాళ్లతో పాటు తనూ నవ్వేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో గుడ్డకు ఇవతల కూర్చునే నాకు తెలుసు.

పోటీ ఇంకో నెలలో ఉందనగా అన్నను పోలీసులు పట్టుకుపోయారు. రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లందరినీ లారీలో ఎక్కించారు. పఠనమందిరం ఆటగాళ్లలో ఇద్దరు అదే లారీలో పోయారు. ఒకడు ఎక్కడ దాక్కున్నాడో వాళ్లమ్మకు కూడా తెలియదు. జైల్లో ఉన్న అన్నకు నేను ఒక ఎత్తు రాసి కార్డు పంపితే అది తిరిగి వచ్చింది. అంకెలూ పొడి అక్షరాలూ చూసి ఎవరో సంకేత భాష అనుకున్నారు. అయిదు బల్లల పోటీని మూడు బల్లలకు తగ్గించారు. ఆ మూడో బల్లకూ మనిషి లేడు. కిష్టయ్య సారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూచుని, చాలాసేపు నూలు ధర మాట్లాడాడు. చివరికి బాపుతో, "మీ పిల్ల ఆడుతదని యాదగిరి చెప్పిండు ఎన్నడో. ఇగ ఎవ్వలు లేరు" అన్నాడు.

"ఆడపిల్ల, సారూ" అన్నాడు బాపు.

"నాకు కండ్లున్నయి. అయినా మూడో బల్ల ఖాళీగ పెట్టి ఓడేకన్న, కూసొని ఓడుడు నయం గదా." నా వైపు తిరిగి, "ఒక్కటే మాట. మీ అన్న ఆడినట్టు గుర్రం ఇయ్యద్దు. మీ నాయినమ్మ మీద ఒట్టు వెయ్యి" అన్నాడు.

"నా మీద ఎందుకయ్యా సారూ?" అంది నాయినమ్మ గడప దగ్గర నుంచి. "మీరు మీరు ఆడుకొని నన్ను సంపుతరా?"

నేను ఒట్టు వేశాను. వేసేటప్పుడు నిలుపుకోవాలనే వేశాను. ఇది ఇక్కడ రాయాలి, ఎందుకంటే నేను ముందే పథకం వేసుకున్నానని ఊళ్లో చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

శనివారం సాయంత్రం రైలు బండిలో మానుకోట వాళ్లు దిగారు. నా ఎదురు ఆటగాడు లచ్చు నాయక్. నిరుడు అన్నను ఓడించింది ఆయనే. గూడూరు దగ్గర తండా మనిషి, జంగ్లాత్‌లో, అంటే అడవి శాఖలో, జవానుగా చేసి దిగిపోయాడు. పాత జమానాలో ఆయన పై అధికారి అమీన్ సాబు అడవి బంగళాలో పొద్దుపోక ఆయనకు ఆట నేర్పాడట. ఆచారం ప్రకారం మా ఇంట్లోనే దిగాడు. లంబాడా ఆయన అని నాయినమ్మ అరుగు మీదే చాప వేయించింది, కంచం వేరే తీయించింది. నిజం రాస్తున్నాను. ఆయన గమనించాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, అమ్మతో, "బిడ్డా, గీ పచ్చిపులుసు మా ఇంట్ల గుడ గిట్ల గాదు" అన్నాడు. తర్వాత బాపుతో మాటల్లో పడ్డాడు.

"అమీన్ సాబుకు ఓడేటి మనిషి గావాలె. అందుకె నేర్పిండు నాకు. రెండేండ్లు ఓడిన. మూడో యేడు గెలిచిన. నాలుగు దినాలల్ల నన్ను వేరే రేంజికి బదిలీ జేసిండు!"

బాపు అంత గట్టిగా నవ్వడం ఆ నెలలో అదే మొదటిసారి. అన్న జైలుకు పోయిన దగ్గర నుంచి మా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు.

లచ్చు నాయక్‌ను నేను తాతా అనేదాన్ని. ఆయన నేర్చుకున్నది మన దేశీ ఆట. అందులో బంటు ఏనాడూ ఒక్క అడుగే వేస్తుంది. రాజుకు ఒక సౌకర్యం ఉంది. తన మీద ఇంకా ఏ పావూ దాడి చేయనంతవరకు, ఆటలో ఒక్కసారి, రాజు గుర్రంలా దూకి తప్పించుకోవచ్చు. కాలేజీ పిల్లలు పట్టుబట్టడంతో రెండేళ్ల కిందట పోటీని ఇంగ్లీషు పద్ధతికి మార్చారు. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు, నేర్చుకున్నారు, బాగానే ఆడేవారు కూడా.

ఆదివారం పొద్దున పఠనమందిరంలో నిలబడటానికి చోటు లేదు. ఉద్యమం రోజుల్లో ఊళ్లో ఎవరికీ పని లేదు, అందరూ అక్కడే ఉన్నారు. మానుకోట వాళ్లలో ఒకాయన నన్ను చూసి, "ఆడపిల్లను కూసోబెట్టిన్రేంది?" అన్నాడు. లచ్చు తాత ఆయన వైపు చూడకుండానే, "ఆడపిల్ల ఆడితె గుర్రం వేరే దిక్కు దుంకుతదా?" అన్నాడు. నాకు తెల్లవి వచ్చాయి. ఇత్తడి పావులు నేను అంతకుముందు ముట్టలేదు. కండెలతో ఆడిన చేతికి అవి చాలా బరువు.

మూడు ఎత్తులు అయ్యాయి. ఇరువైపులా రెండేసి గుర్రాలు బయటికి వచ్చాయి. నాలుగో ఎత్తు నాది. అక్కడ ఆగాను. నా వెనకే కిష్టయ్య సారు నిలబడి ఉన్నాడని ఆయన నశ్యం వాసనతో తెలుస్తోంది. పక్క బల్లల మీద ఆటలు మొదలయ్యాయి. నాకు భయం వేయలేదు. ఒక లెక్క మాత్రం తోచింది. సారు చెప్పినట్టు ఆడి నేను గెలిస్తే గెలిచేది నేను. అన్న పేరు మీద ఎర్ర గీత అలాగే ఉంటుంది. గుర్రాన్ని ఇచ్చి ఓడితే ఆ గీత ఇక ఎప్పటికీ పోదు. ఇచ్చి గెలిస్తేనే పోతుంది. వేరే దారి లేదు. లచ్చు తాత నా ముఖం చూస్తున్నాడు. మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు, "ఆపినవేంది బిడ్డా? మీ అన్న అయితె గీడ ఆపకపోవు" అన్నాడు.

గుర్రంతో బంటును కొట్టాను.

వెనక నుంచి సారు గొంతు వినబడింది, "అయిపాయె." గది నిండా గుసగుసలు. ఎవరో "గీ ఇంటోళ్లకు గుర్రాలు ఎక్కువైనయి" అన్నారు. లచ్చు తాత గుర్రాన్ని తీసుకుని పక్కన పెట్టుకున్నాడు, దాని చెవులు బొటనవేలితో తుడిచాడు. నా బంటు రెండు గళ్లు నడిచింది. ఆయన గుర్రం తప్పుకుంది. పక్క బంటు ఒక అడుగు వేసింది. రెండో గుర్రం ఇంటికి పోయింది. గదిలో పిల్లలు నవ్వారు. ఆ నవ్వు విన్నాక నా చేతికి ఇత్తడి బరువు తెలియలేదు. ఏడో ఎత్తుకు నా ఒంటె బయటికి వచ్చి ఆయన రాజు పక్కనున్న బంటు మీద కన్నేసింది. ఆయన అటు చూడకుండా, మంత్రి వైపు ఒక చిన్న బంటును ఒక అడుగు జరిపాడు. ఎనిమిదో ఎత్తుకు నా మంత్రి బయటికి వచ్చి అదే బంటుకు ఎదురు నిలబడింది. ఇంకో ఎత్తులో ఆట కట్టు.

అప్పుడు చూశాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తండా భాషలో ఏదో లెక్క పెట్టుకుంటూ చాలాసేపు కూచున్నాడు. ఈలోగా పక్క బల్లల మీద ఒకటి మేము గెలిచాం, ఒకటి వాళ్లు గెలిచారు. అందరూ మా బల్ల చుట్టూ చేరారు. ఆయనకు మార్గం ఉంది. ఒక బంటును ముందుకు నూకి నా ఒంటె దారి మూస్తే చాలు, ఆ తర్వాత గుర్రం ఎక్కువున్నవాడు ఆయనే. నాకు అది కనబడుతూనే ఉంది, ఆయనకు కనబడకూడదని బల్ల వైపు చూడటం మానేశాను. లచ్చు తాత ముఖం ఒక్కసారి తేటపడింది. చెయ్యి చాచి రాజును ఎత్తాడు. ఎత్తి, గుర్రంలా దూకించి, బంట్ల చాటున సుఖంగా పెట్టాడు. దేశీ ఆటలో అది చక్కటి ఎత్తు.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గదంతా అరిచింది. "ఏ, గది చెల్లది! రాజు దుంకుడేంది?" "ముట్టిండు! రాజునే ఆడాలె!" కిష్టయ్య సారు గోడ మీది కాగితం దగ్గరికి పోయి రెండో వాక్యం మీద వేలు పెట్టి నిలబడ్డాడు. లచ్చు తాత తన చేతిని తానే చూసుకున్నాడు. నలభై ఏళ్లు ఆడిన ఆట, చెయ్యి మరవలేదు. రాజును ముట్టాడు గనక రాజునే ఆడాలి. రాజు పోగలిగింది ఒక్క గడికే, ముందుకు ఒక అడుగు. పోతే అక్కడే కట్టు.

నాకు సంతోషం కలగలేదు. "తాతా, రాజును ఎనుకకు పెట్టుకో. వేరేది ఆడు" అన్నాను. జనగామ వాళ్లంతా నా మీద విరుచుకుపడ్డారు. సారు, "నువ్వెవలు చెప్పేటందుకు?" అని అరిచాడు. లచ్చు తాత చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"ఎనుకకు తీస్కుంటె అది ఆట గాదు బిడ్డా, దయ. నిరుడు మీ అన్న గుర్రమిచ్చి ఓడిండు. ఎనుకకు అడిగిండా నన్ను?"

రాజును తీసుకుని తన చేత్తోనే ఒక అడుగు ముందుకు పెట్టాడు. "కొట్టు" అన్నాడు.

మంత్రితో బంటును కొట్టాను. తొమ్మిది ఎత్తులు. ఆట కట్టు.

ఆ తర్వాతది నాకు ముక్కలుగానే గుర్తుంది. పిల్లలు ఇత్తడి పావుల పెట్టెను నెత్తిన పెట్టుకుని బజారంతా తిప్పారు. దుకాణాలు మూసి ఉన్నాయి, తలుపు సందుల్లోంచి జనం చూశారు. ఊరేగింపులో ఇచ్చే నినాదాలే పెట్టె ముందు ఇచ్చారు, వాటి మధ్యలో నా పేరు, అన్న పేరు. మా వీధి మొదట్లో బాపు నిలబడి ఉన్నాడు. పట్టపగలు ఆయన మగ్గం దిగి బయటికి రావడం నేను అంతకుముందు చూడలేదు. పెట్టె మోస్తున్న పిల్లవాడితో, "జర ఆగు బిడ్డా" అని పెట్టె మూత తెరిచి, ఒక గుర్రాన్ని తీసి అరచేతిలో బరువు చూసి, మళ్లీ పెట్టేశాడు. ఇంటికి వస్తే నాయినమ్మ, "నా మీద ఒట్టు దప్పినవట గదనే" అంది. తర్వాత పన్నెండేళ్లు బతికింది. సాయంత్రం కిష్టయ్య సారు నన్ను పిలిపించాడు. గోడ మీది కాగితంలో మొదటి వాక్యాన్ని గోటితో గీకి చింపాడు, రెండోది ఉంచాడు. పుస్తకం తెరిచి, కొట్టేసిన పేరు కింద అదే పేరు మళ్లీ రాశాడు, ఈసారి నల్ల సిరాతో. రాసి, "నీది గుడ రాయాల్నా?" అన్నాడు.

మరునాటి నుంచి ఉద్యమం వల్ల మూడు రోజులు రైలు బండ్లు నడవలేదు. లచ్చు తాత మా ఇంట్లోనే ఉండిపోయాడు. రెండో రోజు వాన పడితే అమ్మ నాయినమ్మను అడగకుండానే చాప లోపలికి తీసుకొచ్చి మగ్గం పక్కన వేసింది, కంచాలన్నీ ఒకేలాంటివి పెట్టింది. నాయినమ్మ గొణిగింది. గొణుగుతూనే ఆయన చుట్టకు నిప్పిచ్చింది. ఆ మూడు రోజులూ ఆయన గుడ్డ మీద ఆ నాలుగో ఎత్తునే పెట్టుకుని కూచున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం తొడ మీద చరుచుకున్నాడు. "దొరికింది బిడ్డా! ఘోడాను తినుడు తప్పు గాదు. తిన్నదాన్ని దాసుకునుడు తప్పు. జల్ది మల్ల ఇచ్చెయ్యాలె." గుర్రాలు వెనక్కి పారిపోకుండా, దొరికిన గుర్రాన్ని దొరికినట్టే తిరిగి వదిలేస్తే నా బంట్లకు తరమడానికి ఏమీ ఉండదు. ఆడి చూపించాడు. నేను ఏడుసార్లు ఓడాను. శ్రావ్య ఫోన్ ఒక్క క్షణంలో చెప్పినదాన్ని కనిపెట్టడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. అయినా ఆ ఫోన్ నాకు గొప్పగా తోచలేదు. తప్పు ఎత్తును తప్పని తెలుసుకోవడం వేరు, ఎదురుగా కూచుని, అందరూ చూస్తుండగా, దాన్ని తప్పని నిలబెట్టడం వేరు. ఇప్పటి పిల్లలకు మొదటిది తేలిక. రెండోది ఇప్పటికీ అంత తేలిక కాదనుకుంటాను.

ఆ ఏడాది ఉద్యమం గెలవలేదు. బడులు తెరిచారు, పరీక్షలు పెట్టారు, అన్న కాలేజీ వదిలేసి ఉద్యోగం వెతుక్కున్నాడు. రాష్ట్రం వచ్చేసరికి ఆయన తల మొత్తం నెరిసింది. వచ్చిన రోజు భూపాలపల్లి నుంచి నాకు ఫోన్ చేసి, తనతో పట్టాల మీద కూచుని తర్వాత ఒక ఊరేగింపులో తూటా తగిలి పోయిన ఇద్దరు స్నేహితుల పేర్లు చెప్పాడు. ఈ ఆట సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, ఉద్యమం కూడా అలాంటిదే కదా, ముందు ఇచ్చి తర్వాత గెలిచారు కదా అంటారు. నేను ఒప్పుకోను. చనిపోయిన పిల్లలు గుర్రాలు కారు. వాళ్లను ఎవరూ ఎత్తి పెట్టలేదు, వాళ్లే నడిచి పోయారు. ఆట ఆటే. ఆ ఆట గెలిచిన సంతోషం మాత్రం పూర్తిగా నాది. దాన్ని ఇంకే దుఃఖానికీ ఇవ్వను, ఈ నెల దుఃఖానికి కూడా.

బండ్లు మళ్లీ నడిచిన రోజు లచ్చు తాత మానుకోటకు నేరుగా పోలేదు. "మీ అన్నకు నేనే చెప్తా. ఓడినోడు చెప్తెనే అది గెలుపు" అని బాపునూ నన్నూ వెంటబెట్టుకుని కాజీపేటలో దిగాడు. జైలు దగ్గర ములాఖాత్‌కు పొద్దంతా నిలబడ్డాం. అన్న చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. ఇనప జాలీ అవతల నుంచి మొదట బాపును చూశాడు, తర్వాత నన్ను, తర్వాత నా పక్కన నిలబడ్డ మనిషిని చూసి అర్థం కాక ఆగిపోయాడు. చుట్టూ యాభై మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. లచ్చు తాత జాలీకి నోరు దగ్గరగా పెట్టి అరిచాడు, "యాదగిరీ! నీ చెల్లె నాకు ఘోడా ఇచ్చింది. తొమ్మిది ఎత్తులల్ల మాత్ జేసింది!"

అన్న రెండు చేతులతో జాలీ పట్టుకున్నాడు. "గుర్రం దానమా? సారు ఉండంగనా?"

"సారు ఎనుకాలే నిలబడ్డడు" అన్నాను. "నీ పేరు మల్ల రాసిండు. నల్ల సిరాతోని."

అన్న నవ్వాడు. చాలా రోజుల తర్వాత నేను ఆ నవ్వు చూశాను, బంట్లు గుర్రాలను తరిమేటప్పటి నవ్వు. అటువైపు ఉన్న పిల్లలకు ఏదో చెప్పాడు, వాళ్లంతా మా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. జవాను ఒకడు కేకలేశాడు. లచ్చు తాత ఇంకా వదల్లేదు. "గని ఇను. నీ ఆట తప్పు. ఘోడాను మల్ల ఇచ్చేస్తె అయిపాయె. మూడు దినాలు కూసొని దొరకబట్టిన!"

"నాకు ఎరుకే తాతా" అన్నాడు అన్న. "నిరుడు నీతోని ఓడి ఇంటికొస్తుంటె బండిల్నే ఎర్కయింది."

నేను నమ్మలేకపోయాను. అన్ని నెలలు, రోజూ మధ్యాహ్నం, ఆ గుడ్డకు ఇవతల కూచున్నది నేను. "మరి నాకెందుకు చెప్పలే?" అని అరిచాను.

"చెప్తె నువ్వు ఆడకపోదువు" అన్నాడు.

నిజమే. ఆడకపోదును.